రిబ్బను కట్టని జిల్లేళ్లు

కువైట్‌లో నేను చేసే పని ఏమిటో గదిలోవాళ్లకు చెప్పడమే నేను చేసిన మొదటి తప్పు. ఖైతాన్‌లో ఒక పాత బిల్డింగులో ఆరుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. అందరం కడప, అన్నమయ్య జిల్లాల వాళ్లమే. ఒక శుక్రవారం పొద్దున బియ్యం కడుగుతూ, "ఇప్పుడు నా పని జిల్లేడు చెట్ల మీద పురుగులు లెక్కబెట్టేది" అన్నాను. గది గదంతా పగలబడి నవ్వింది.

"జిల్లేడా? మన పక్క గొడ్డు గూడా మూతి పెట్టదు కదప్పా దానికి!" అన్నాడు ఒకడు.

"పురుగులు లెక్కబెట్టేదానికి ఇమానం ఎక్కి రావల్లనా? మా చేన్లో శనక్కాయకు పట్టిండాయి, వచ్చి లెక్కబెట్టిపో" అన్నాడు ఇంకొకడు.

నాకు ఒళ్లు మండింది. కానీ వాళ్లను అనడానికి ఏముంది? ఆ పని నాకు మొదటిసారి చెప్పినప్పుడు నేను కూడా ఇలాగే నవ్వాను.

మాది తోటపనులకు మనుషుల్ని పంపే కంపెనీ. అంతకుముందు నాలుగేళ్లు హవల్లీలో ఒక స్కూలు ముందర గడ్డి కత్తిరించాను, పైపు పట్టుకుని మొక్కలు తడిపాను. ఆ నాలుగేళ్లలో "యల్లా, యల్లా" అని తొందరపెట్టడం తప్ప నన్ను ఉద్దేశించి ఎవరూ ఒక పూర్తి మాట అన్నది లేదు. తర్వాత ఒక పరిశోధన సంస్థకు మార్చారు. దాని వెనక ప్రహరీకీ రోడ్డుకూ మధ్య ఒక పొడుగాటి నేల ముక్క ఉండేది. ఎవరూ నాటకుండానే అక్కడ జిల్లేళ్లు మొలిచి నా భుజం ఎత్తు పెరిగాయి. మన ఊరి జిల్లేడుకన్నా పువ్వు కొంచెం తేడా, తుంచితే మాత్రం అవే పాలు. మొదటిరోజు వాటిని చూసి, పీకెయ్యమనే కదా నన్ను పంపింది అనుకుని పార అందుకున్నాను. అంతలో ఒకామె లోపలి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

ఆమె అక్కడ పురుగుల మీద పరిశోధన చేసే కువైటీ మనిషి. నలభై దాటి ఉంటాయి. అందరూ 'దక్తూరా' అనేవాళ్లు, అంటే డాక్టరమ్మ. నేనూ అలాగే పిలిచాను. మా ఇద్దరి మాటలు పెద్ద కలగూరగంప. ఆమెకు వచ్చిన హిందీ ముక్కలు, నాకు వచ్చిన అరబ్బీ ముక్కలు, ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషు. పార కింద పెట్టించి, ఒక ఆకును వెనక్కి తిప్పి చూపించింది. అక్కడ ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి గుడ్డు ఒకటి ఉంది.

తర్వాత ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఏదో చెట్టు, కొమ్మల నిండా ఎండుటాకులు వేలాడుతున్నాయి. తీరా చూస్తే అవి ఆకులు కావు, సీతాకోకచిలుకలు. వాటిని మోనార్క్ అంటారట. అమెరికాలో పుట్టి, చలికాలానికి వేల మైళ్లు ఎగిరి మెక్సికో కొండల్లో ఇలా గుంపుగా తలదాచుకుంటాయట. వాటి పురుగులు తినేది జిల్లేడు జాతి మొక్కలనే. చేలల్లో మందు కొట్టి ఆ మొక్కల్ని చంపేస్తున్నారు, అటు కొండల్లో చెట్లు కొట్టేస్తున్నారు, దాంతో మునుపటంత కనబడటం లేదట. దక్తూరా అమెరికాలో చదువుకున్నప్పుడు వాటి మీదే పని చేసింది. వాటిని లెక్కపెట్టడానికి బడిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా కదిలి వస్తారని చెప్పింది.

"మరి ఇది?" అన్నాను ఆకు మీది గుడ్డు చూపిస్తూ.

"దానికి చిన్నాన్న కూతురు" అని నవ్వింది.

ఈ చిన్నాన్న కూతుర్ని నేను మా ఊళ్లో వెయ్యిసార్లు చూసే ఉంటాను. నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచు, అంచులో తెల్ల చుక్కలు. అయితే ఆ మోనార్కుకు ఉన్నంత పేరు దీనికి లేదు. చలికాలంలో ఇది కువైట్ వదిలి ఎటైనా పోతుందా, ఇక్కడే ఉండి పిల్లల్ని చేస్తుందా అనేది కూడా ఎవరూ సరిగ్గా చూడలేదట. అది చూడటమే మా పని.

నలభై చెట్లు ఏరింది. ఇరవైకి నీలం రిబ్బన్లు కట్టింది. వాటికి నేను నీళ్లు పోయాలి, ఆదివారం, బుధవారం ప్రతి ఆకూ తిప్పి చూసి గుడ్లు ఎన్ని, పురుగులు ఎన్ని అని నోటుపుస్తకంలో రాయాలి. మిగిలిన ఇరవై రోడ్డు వైపు ఉన్నాయి. వాటికి రిబ్బన్లు లేవు. వాటి దగ్గరికి తీసుకుపోయి చెయ్యి ఊపుతూ, "హాదా ఖల్లీ" అంది.

గల్ఫ్‌లో ఆరు నెలలు ఉన్న ఏ తెలుగువాణ్ణయినా అడగండి, ఖల్లీ అంటే ఏమిటో చెబుతాడు. ఖల్లీవల్లీ అంటే పోతే పోయింది, దాన్నెవడు పట్టించుకుంటాడు అని. బస్సు తప్పిపోతే ఖల్లీవల్లీ, కూర మాడిపోతే ఖల్లీవల్లీ. ఆమె సగం మాటే అన్నా మిగతా సగం నేను కలుపుకున్నాను. ఇవి లెక్కలోకి రానివి, వీటితో పని లేదు అని అర్థం చేసుకుని తల ఊపాను. అటువైపు కన్నెత్తి చూడటం కూడా మానేశాను.

ఆ నేల సంగతి మా సూపర్‌వైజరు చెప్పాడు. దాన్ని పార్కింగుకు అడుగుతున్నారట. ఫిబ్రవరి ఆఖర్లో ఒక కమిటీ వస్తుంది, దక్తూరా తన రెండు చలికాలాల లెక్కలు చూపించి అది ఉంచదగ్గ నేల అని ఒప్పించుకోవాలి. ఒప్పుకుంటే చెట్లు ఉంటాయి, లేకపోతే తారు పోస్తారు. "నీకెందుకు అదంతా, తారు పోస్తే ఇంకో చోటికి పంపుతాం" అన్నాడు. ఆ మాటకు నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

ఇంకో చోటంటే మళ్లీ యల్లా యల్లానే కదా! ఇక్కడ దక్తూరా వచ్చినప్పుడల్లా మొదట అడిగేది "ఏం చూశావు?" అని. నా బతుకులో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఒకసారి ఆమె ఫోన్‌లో మోనార్కు పురుగు బొమ్మ చూపిస్తే, "దీనికి నల్ల మీసాలు రెండు జతలే ఉన్నాయి, మనదానికి మూడు జతలు" అన్నాను. ఆమె చాలాసేపు నా వైపు చూసి, తన దగ్గర చదివే పిల్లల చేత అది చెప్పించడానికి ఒక నెల పట్టిందని చెప్పింది. ఆ సాయంత్రం బస్సులో నిలబడి ఖైతాన్ దాకా నాలో నేను నవ్వుకుంటూ పోయాను.

పని మాత్రం ప్రశాంతంగా సాగనిచ్చేవాళ్లు కారు. లెక్క రోజునే సూపర్‌వైజరు వచ్చి హాల్లో కుర్చీలు సర్దాలి రమ్మనేవాడు. ఒకసారి ఎవరో దోమల మందు కొట్టే మిషను మోసుకుని వచ్చారు. చేతులు అడ్డం పెట్టి, నాకు వచ్చిన అరబ్బీ, ఉర్దూ అన్నీ కలిపి అరిచాను. వాళ్లు నాకు పిచ్చి అనుకుని పోయారు. గదిలో సరేసరి. నేను గడప దాటేటప్పుడల్లా "పురుగులాయప్ప వచ్చినాడు" అనేవాళ్లు. ఎందుకు చూస్తున్నామో, ఏం తేలితే నేల నిలబడుతుందో దక్తూరాను రెండుమూడుసార్లు అడిగాను. "తర్వాత చెబుతాను" అనేది. ఎప్పుడు తర్వాత? రెండో చలికాలం కూడా వచ్చేసింది.

ఆ జనవరిలో మామ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మామ అంటే మా గదిలో పెద్దాయన, రాయచోటి పక్కన. వరసకు మామ కాదు, అందరం అలా పిలిచేవాళ్లం. ఖైతాన్‌లోనే ఒక ఇస్త్రీ షాపులో పదిహేడేళ్లుగా నిలబడి నిలబడి మోకాళ్లు పోయాయి. నా పని చూసి నవ్వనివాడు ఆయనొక్కడే.

"అల్లుడూ, నీ కాడ జిల్లేడాకులు ఉండాయంటివే. మెత్తనివి ఏడాకులు తెచ్చిస్తావా? ఈ వారంలో రథసప్తమి. నెత్తిన ఒకటి, భుజాల మీద, మోకాళ్ల మీద, పాదాల మీద రెండ్రెండు పెట్టుకుని తానం చేసి పదిహేడేండ్లాయ. ఈడ జిల్లేడు ఉంటాదని నాకెట్లా తెలుస్తాదిరా?"

మోకాళ్లు రెండు చేతులతో పట్టుకుని అడుగుతుంటే కాదని ఎలా అంటాను? సరే అన్నాను. మరుసటి రోజుకు గదిలో మిగతా నలుగురూ అడిగారు. పగలబడి నవ్వినవాళ్లే!

"మాగ్గూడా ఏడేడు తేప్పా. యాడో దేశంలో ఉండామని సూర్యుడు యేరే అయితాడా?"

"గొడ్డు మూతి పెట్టదంటివే?" అన్నాను.

"అది తినేదానికి. ఇది నెత్తిన పెట్టుకునేదానికి. రెండూ ఒకటేనా?"

సాయంత్రానికి కింది అంతస్తు వాళ్లు, ఎదురు బిల్డింగు వాళ్లు, ఫర్వానియాలో ఇళ్లల్లో పనిచేసే మా ఊరి ఆడవాళ్లు ఫోన్లు చేశారు. చిరాకు పడ్డాను గానీ, నిజం చెప్పొద్దూ, లోపల గర్వంగానే ఉంది. ఇన్నాళ్లకు నా జిల్లేడుకు విలువ వచ్చింది. పండగ ముందురోజు పని అయిపోయాక ఒక గోనెసంచి పట్టుకుని రోడ్డు వైపు చెట్ల దగ్గరికి పోయాను. రిబ్బను కట్టిన చెట్టు ఒక్కటీ ముట్టుకోలేదు. ఆమె లెక్కను దొంగిలించినట్టు అవుతుందని అంత నిజాయితీ మరి నాది! రిబ్బను లేని ఇరవై చెట్ల చిగుళ్లన్నీ, మెత్తగా చిరుగు లేకుండా ఉన్నవి చూసి, తుంచుకున్నాను.

చెయ్యి అలవాటు కొద్దీ ఆకు తిప్పి చూసింది. వాటి మీద కూడా పురుగులున్నాయి. పాపం అనిపించింది. ఒక్కొక్కదాన్నీ ఆకుతో సహా తీసుకుపోయి నా రిబ్బను చెట్ల మీద వదిలాను. పదకొండు తేలాయి. గుడ్లు కూడా కనబడ్డాయి, వాటిని ఏం చేయాలో తోచలేదు. లెక్కలోవి కావు కదా అని సంచిలో వేసుకున్నాను. తెచ్చి పెట్టినవాటిని నా లెక్కలో కలపడం తప్పనిపించి, పుస్తకంలో కింద గీత గీసి, 'బయటినుంచి తెచ్చినవి 11' అని వేరుగా రాశాను.

మరుసటి రోజు తెల్లవారుజామున మా బాత్రూము ముందు పెద్ద వరస. మామ తల మీద ఆకు జారకుండా పట్టుకుని, చలికి వణుకుతూ చెంబుతో పోసుకున్నాడు. బయటికి వచ్చి నా తల నిమిరి, "నీ పని శానా మంచి పని నాయనా" అన్నాడు. ఆ మాటతో నాకు కడుపు నిండిపోయింది. తడి ఆకులన్నీ ఊడ్చి కవర్లో మూటగట్టి చెత్తలో వేసింది కూడా నేనే.

ఆ బుధవారం దక్తూరా వచ్చి ముందు నా పుస్తకం తీసుకుంది. తెలుగు అక్షరాలు ఆమెకు రావు, అంకెలు మాత్రం చదువుతుంది. ఆ వారం రిబ్బను చెట్ల మీద నాలుగు. గీత కింద పదకొండు.

"ఇదేంటి, ఈ పదకొండు?"

నేను ఛాతీ విరుచుకుని మరీ చెప్పాను. మా పండగ, ఏడాకుల స్నానం, రిబ్బనువి ముట్టుకోకపోవడం, పురుగుల్ని కాపాడటం, వేరుగా రాయడం, అన్నీ. మెచ్చుకుంటుందని చూస్తున్నాను. ఆమె పుస్తకం నా చేతిలో పెట్టి రోడ్డు వైపు పరుగెత్తింది. నేను వెనకే పోయాను. చిగుళ్లు లేని కాడల ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"ఖల్లీ అన్నాను కదా! అలాగే ఉండనివ్వు, ముట్టుకోవద్దు అన్నాను కదా!"

అప్పుడు తెలిసింది నాకు. ఖల్లీ అంటే 'వదిలెయ్, అలాగే ఉండనీ' అని. పక్కన వల్లీ చేర్చి పారేసింది మేము. మిగతాది కూడా ఆమె అప్పుడే చెప్పింది. నేల కోరేవాళ్ల వాదన ఏమిటంటే, ఈ సీతాకోకలకు తోట మొక్కలు చాలు, నీళ్లు పోసి పెంచే నాలుగు కుండీలు ఏ పార్కులోనో పెడితే సరిపోతుంది అని. అది తప్పని చూపించాలంటే, ఎవరూ నీళ్లు పోయని, ఎవరూ పట్టించుకోని చెట్ల మీదే అవి చలికాలం గడుపుతున్నాయని తేలాలి. వాటిని ఆమె పదిహేను రోజులకొకసారి, నాకు సెలవైన శుక్రవారం, తానే వచ్చి లెక్కపెట్టేది. మొదటి ఏడాది లెక్క సరిగ్గా వచ్చింది. రెండో ఏడాది ఆ నెల లెక్కే అసలైనది. నీళ్లు పోసినవాటి మీద చీమలు ఎక్కువై గుడ్లు తినేస్తాయని ఆమె అనుమానం. నాలుగుకు పదకొండు అని నా చేత్తోనే రాశాను. ఆమె కోరుకున్నదే తేలింది. తేలినదాన్ని గోనెసంచిలో వేసుకుపోయి ఖైతాన్ చెత్తలో కలిపింది నేను.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గదికి పోయి కనబడిన వాడినల్లా తిట్టాను. "మాకేం తెల్సు, నువ్వు గదా తెచ్చింది" అన్నారు. అదీ నిజమే. మామ ఇదంతా తనవల్లే అనుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం సరిగ్గా తినలేదు. పోనీ ఆయన మోకాళ్లయినా తగ్గాయా అంటే అదీ లేదు. అది చూసి ఇంకా చిరాకేసింది.

కమిటీ చెప్పినట్టే ఫిబ్రవరి ఆఖర్లో వచ్చింది. నలుగురు వచ్చారు. దక్తూరా నా పుస్తకం కూడా వాళ్ల ముందు పెట్టింది, ఆ పదకొండు ఉన్న పేజీ తెరిచి. నేను తలుపు బయట నిలబడి ఉన్నాను. తోటమనిషి రాసిన ఒక్క లైనుతో నేల ఆపలేమన్నారట. చెట్లను చేత్తో కోసేశాక ఆ చలికాలం లెక్క లెక్క కాదన్నారట. వాళ్లను తప్పుబట్టడానికి కూడా లేదు, అదే నాకు మరీ కడుపు మంట.

ఆ మధ్యాహ్నం ఆమే వచ్చి చెప్పింది. వచ్చే వారం మిషన్లు వస్తాయంది. ఇద్దరం ప్రహరీ నీడలో నిలబడ్డాం. నాలో ఉన్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"ఎన్నిసార్లు అడిగాను దక్తూరా! ఎందుకు లెక్కపెడుతున్నామో ఒక్క ముక్క చెప్పలేదే. ఆ రోడ్డు వైపు చెట్లే ప్రాణమని చెప్పి ఉంటే ఆకు కాదు, నీడ కూడా తొక్కనిచ్చేవాణ్ణి కాదు. నేను చదువులేనివాణ్ణి, చెబితే అర్థం కాదనుకున్నారా?"

"కాదు" అంది. "మా పనిలో అదొక పద్ధతి. లెక్కపెట్టే మనిషికి ఏం తేలాలో ముందే తెలిస్తే ఆశ పడతాడు. ఆశ పడిన కంటికి లేనిది కూడా కనబడుతుంది. నీ కన్ను మంచిది. అది చెడిపోకూడదని చెప్పలేదు."

నన్ను తక్కువ చేసి దాచిందనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు, నమ్మి దాచింది. ఏది నయమో ఇప్పటికీ చెప్పలేను.

"మీరు చెప్పకపోయినా నేను మొదటిరోజు నుంచీ ఆశతోనే లెక్కపెట్టాను" అన్నాను. "ఈ నేల ఉండాలని, ఇందులో నేను ఉండాలని. అయినా ఒక్క పురుగును ఎక్కువ రాయలేదు."

"అది నాకు తెలుసు" అంది, పుస్తకం తిరగేస్తూ. ఒక పేజీ దగ్గర ఆగి నా వైపు తిప్పింది. "డిసెంబరంతా, జనవరి సగం దాకా వరసగా సున్నాలు రాశావు. నీకు ఏ ఆశా లేదనుకున్నాను. ఆశ ఉన్నవాడు ఇన్ని సున్నాలు రాయలేడు."

"ఆ సున్నా రాసిన ప్రతిరోజూ నాకు అన్నం సహించేది కాదు దక్తూరా" అన్నాను.